కారణం: చలి

ఎండాకాలం వాతావరణ వార్తలు వినేవాళ్ళకు తిరుత్తణి పేరు కొత్త కాదు. కత్తిరి ఎండల్లో వేలూరూ తిరుత్తణీ పోటీపడి 40 డిగ్రీలు దాటుతుంటాయి. అదే ఊళ్ళో ధనుర్మాసం తెల్లవారుజామున 17, 18 డిగ్రీలకు దిగితే చాలు, మనుషులు తలకు మఫ్లర్లు చుట్టుకుని టీ అంగళ్ళ ముందు చేతులు రుద్దుకుంటూ నిలబడతారు. బండ్లు కూడా ఎక్కువగా ఆ నెలలోనే మొరాయిస్తాయి. ఎందుకు స్టార్టు కాలేదని అడిగితే ప్రతి బండి యజమానీ ఒకటే కారణం చెబుతాడు. చలి.

మా మేస్త్రి దగ్గర ఆ మాట చెల్లదు. అరక్కోణం రోడ్డులో రేకుల షెడ్డు ఆయనది. తండ్రి దగ్గర పని నేర్చాడు. 1980లో వచ్చిన టీవీఎస్ 50 మొదలు ఇప్పటి ఇంజెక్షన్ బండ్ల దాకా అన్నీ ఆ తండ్రీకొడుకుల చేతుల మీదుగా పోయినవే. పొదటూరుపేట నేతగాళ్ళ చీరల మూటలు మోసే మోపెడ్లు, పాలక్యాన్ల బైకులు, గుడి ఉన్న కొండ కింద పూలమ్మే వాళ్ళ స్కూటర్లు, అన్నిటికీ ఆయనే వైద్యుడు.

"పెట్రోలు ఆవిరైతేనే అంటుకుంటుంది. చలికి ఆవిరి తగ్గుతుంది, ఒప్పుకుంటా. ఆయిలు చిక్కబడి ఇంజను తిరగడానికి బరువవుతుంది, అదీ నిజమే. బ్యాటరీ మందగిస్తుంది, అదీ నిజమే. కానీ ఎంత చలికి? 25 డిగ్రీల దగ్గర నిండుగా పనిచేసే బ్యాటరీ సున్నాకి దిగితే ఐదో వంతు బలం పోగొట్టుకుంటుంది. మైనస్ 18కి దిగితే సగం పోతుంది. మన ఊరి చలికి పోయేది లెక్కలోకే రాదు. పాచిపట్టిన ప్లగ్గు, దుమ్ము మూసిన ఫిల్టరు, ముసలిదైపోయిన బ్యాటరీ. బండి తన పాత రోగాన్నే చలి పేరు పెట్టి చెప్పుకుంటుంది" అంటాడు. పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళకు మొదట చెప్పే పాఠం కూడా ఇదే. చలి అని రాసిన బిల్లు ఆ షెడ్డు నుంచి ఎన్నడూ బయటికి వెళ్ళలేదు.

ఆ శనివారం కూడా ఆయన అదే నమ్మకంతో బయల్దేరాడు. డిసెంబరు 31 రాత్రి జరిగే మెట్ల పండుగ దగ్గరపడింది. కొండకున్న 365 మెట్లకూ పూజలు చేస్తూ పాడుకుంటూ ఎక్కడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ వారమంతా షెడ్డు ముందు బండ్ల వరస. అయినా ఫోను చేసిన తోట ఓనరు గొంతులోని ఆత్రం విని కాదనలేకపోయాడు. తెలుగు మనిషి. మద్రాసులో సొంత కంపెనీ ఉంది. పొదటూరుపేట దారిలో 12 ఎకరాల మామిడి తోట కొన్నాడు, అందులో చిన్న బంగళా కట్టుకున్నాడు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది, 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఇన్నేళ్ళయినా ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటి మాట, పొలం మాట చాలామందికి తెలుగే. తోట ఓనరుకు మా మేస్త్రి మీద గురి కుదరడానికి అదొక కారణం. నాకు ఇంజన్ల మీద ఆసక్తి ఉండబట్టి నేనూ వెనక ఎక్కాను.

మొరాయించింది మామూలు బండి కాదు. నాలుగు లావు చక్రాలు, మోటారు సైకిలు హ్యాండిలు, గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చునే సీటు. ఏటీవీ అంటారు. ఇసకలో, బురదలో, రాళ్ళలో ఎక్కడైనా పోతుంది. ఈ జాతి బండి పుట్టిందే చలికాలం కోసం. అమెరికాలో మంచు పడే నెలల్లో మోటారు సైకిళ్ళు అమ్ముడుపోక, ఆ నెలల్లో అమ్ముకోవడానికి ఏదైనా కావాలని డీలర్లు అడిగితే హోండా వాళ్ళు మూడు లావు చక్రాల బండి ఒకటి తయారుచేసి 1970లో బజారులోకి తెచ్చారు. నాలుగు చక్రాలు తర్వాత వచ్చాయి. లడాఖ్ వంటి మంచు ప్రాంతాల్లో మన సైన్యం కూడా ఇలాంటివి వాడుతోంది. ఓనరు కొన్నదానికి రోడ్డు మీద తిప్పే రిజిస్ట్రేషను లేదు. మినీ లారీలో తెప్పించి తోటలోనే ఉంచాడు. శనివారం పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకుని మామిడి చెట్ల మధ్య రెండు చుట్లు తిప్పడం ఆయనకు ఆ వారమంతటికీ మిగిలే సంతోషం. పిల్లలు అప్పటికే స్వెట్టర్లు వేసుకుని బంగళా మెట్ల మీద కాచుకుని ఉన్నారు.

"చలి మేస్త్రీ. రాత్రి బాగా మంచు కురిసింది" అన్నాడు ఓనరు, మేము దిగీ దిగకముందే.

ఆయన బావమరిది మిన్నెసోటాలో ఉంటాడు. తెల్లవారినప్పటి నుంచి ఫోనులో సలహాలు చెబుతున్నాడట. తాళం తిప్పి ఆపి మళ్ళీ తిప్పితే పెట్రోలు పంపు గొట్టంలో ఒత్తిడి నింపుతుంది, అలా చెయ్యమన్నాడు. బ్యాటరీని ఇంట్లోకి తీసుకెళ్ళి వెచ్చబెట్టమన్నాడు. వాళ్ళ దగ్గర రాత్రంతా ఇంజన్ని వెచ్చగా ఉంచే కరెంటు హీటర్లు దొరుకుతాయని, అవి లేకపోతే జనవరిలో బండి కదలదని చెప్పాడు. మిన్నెసోటాలో అదంతా నిజం. అక్కడ మైనస్ 20 మామూలు.

మేస్త్రి అన్నీ విని, ఏమీ అనకుండా షెడ్డులోకి నడిచాడు. బంగళాకు కాస్త దూరంగా, కాపలా మనిషి కుటుంబం ఉండే గుడిసెను ఆనుకుని వేసిన రేకుల షెడ్డు అది. రెంటికీ మధ్య ఒకే రేకు గోడ.

ముందు ఎర్ర స్విచ్చి చూశాడు. ఇంజన్ని ఆపే ఆ స్విచ్చి పిల్లల చెయ్యి తగిలి పక్కకు జరిగి ఉంటే ఎంత తిప్పినా లేవదు. సరిగానే ఉంది. గేరు న్యూట్రల్లో ఉంది. బ్రేకు నొక్కి మీట నొక్కాడు. టిక్, టిక్, టిక్. స్టార్టరు తిరగలేదు. హెడ్‌లైటు వేస్తే ఆరిపోబోయే కర్పూరంలా ఎర్రగా మినుకుమంది.

"తోసి స్టార్టు చేద్దామా?" అని అడిగాడు ఓనరు.

"ఇది బెల్టు మీద నడిచే బండి సార్. ఇంజను తిరిగితేనే బెల్టు పట్టుకుంటుంది. ఎంత తోసినా ఇంజన్ని తిప్పదు" అన్నాడు మేస్త్రి.

మీటరు పెడితే బ్యాటరీ 11.3 వోల్టులు చూపించింది. నిండు బ్యాటరీ 12.6 పైన ఉండాలి. మేస్త్రి తను తెచ్చిన బ్యాటరీ దించి ఎర్ర తీగ ప్లస్సుకు తగిలించాడు, నల్ల తీగ ఇంజను ఇనుముకు పట్టించాడు. నల్ల తీగను పడుకున్న బ్యాటరీ మైనస్సు మీదే పెడితే నిప్పురవ్వ లేచి, అక్కడ వాయువు ఉంటే అంటుకునే ప్రమాదం ఉంది. ఇంట్లో ఈ పని చేసుకునేవాళ్ళు చాలామంది ఇది పట్టించుకోరు, పట్టించుకోవాలి. మీట నొక్కగానే బండి ఒక్క దమ్ములో లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఓనరు వాళ్ళను ఎక్కించుకుని చెట్ల మధ్యకు వెళ్ళిపోయాడు.

మామూలు మెకానిక్కయితే అక్కడితో డబ్బు తీసుకుని వెనక్కి వచ్చేవాడు. బండి లేచాక కూడా కారణం దొరికేదాకా కూర్చునే ఓపిక మా మేస్త్రిది. అందుకే ఆయనంటే నాకు గౌరవం. ఓనరు తిరిగి రాగానే బండి ఆపకుండా మళ్ళీ మీటరు పెట్టాడు. 14.2. అంటే నడుస్తున్నప్పుడు బ్యాటరీకి ఛార్జి బాగానే ఎక్కుతోంది. బ్యాటరీ వయసు ఏడాది కూడా కాలేదు. ఓనరు పిల్లలతో టిఫినుకు బంగళాలోకి వెళ్ళాడు. బండి ఆపి, తాళం తీసి, మైనస్సు తీగ విప్పి మధ్యలో మీటరు కలిపి చూశాడు. బండి ఆగి ఉన్నప్పుడు ఏ తీగైనా దొంగతనంగా కరెంటు తాగుతోందేమోనని. గడియారానికి అవసరమయ్యే నాలుగైదు మిల్లీ ఆంపియర్లు తప్ప ఏమీ లేదు. పోయిన శనివారం బాగా లేచిన బండి. నిండా కొత్త బ్యాటరీ. చలికి పోయేది కాదు, లోపల కారేది కాదు.

"ఎవరో వాడినారు" అన్నాడు మెల్లగా.

సీటు ఎత్తి బ్యాటరీ మీదికి టార్చి వేశాడు. రెండు మరల మీద సీసం కొత్తగా గీరుకుని మెరుస్తోంది. మొసలి పళ్ళలాంటి క్లిప్పులు కరిచిన గుర్తులు, ఇటు రెండు, అటు రెండు. సీటు కింద నుంచి రేకు గోడ అడుగున ఉన్న సందు దాకా మట్టి మీద తీగ లాగిన సన్నటి చార. సరిగ్గా అప్పుడే గోడకు అవతల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఏడుపంటే గట్టిగా కాదు. పిల్లి కూనది లాంటి బలం లేని గొంతు.

కాపలా మనిషి షెడ్డు వాకిట్లో నిలబడి ఉన్నాడు. యాభై ఐదేళ్ళ మనిషి. నగరి అవతల నుంచి వచ్చి ఈ తోటలో నాలుగేళ్ళుగా ఉంటున్నాడు.

"ఏంది మామా ఇది?" అని అడిగాడు మేస్త్రి.

ఆయన బంగళా వైపు చూశాడు. తర్వాత చేతులు జోడించాడు.

"అయ్యకు చెప్పొద్దు మేస్త్రీ. నీకు పుణ్యముంటుంది."

లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. గుడిసె మూల, గోనెసంచులు మడిచి పరిచిన నులక మంచం మీద ఆయన కూతురు. ఆమె పక్కన వెదురు బుట్టలో గుడ్డల మధ్య బిడ్డ. నెలలు నిండకుండా పుట్టింది, తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో. పుట్టినప్పుడు కిలో ఎనిమిది వందలు. రెండు వారాలు అక్కడ ఉంచి, పాలు తాగడం వచ్చాక గురువారం పంపించారు. బుట్టకు జానెడు పైన కోళ్ళ వల ముక్కతో చేసిన గూడు, అందులో బైకు హెడ్‌లైటు బల్బు. 12 వోల్టులు, 35 వాట్లు.

"కోళ్ళ ఫారంలో పదేండ్లు పనిచేసినా మేస్త్రీ. పిల్లలు దిగంగానే బల్బుల కింద పెడతాం. వెచ్చన తగ్గితే ఒకదాని మీద ఒకటి ఎక్కి చస్తాయి. ఈ బిడ్డకు కాళ్ళు చల్లబడినాయి. ఏం చేసేది?"

గురువారం రాత్రి మందు కొట్టే స్ప్రేయరు బ్యాటరీతో బల్బు వెలిగించాడు. పగలు దాన్ని రోడ్డు మీద టీ అంగట్లో ఛార్జికి పెట్టాడు. అది 8 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ, అదీ పాతది. శుక్రవారం రాత్రి నడిజాముకే పడుకుంది. బయట మంచు, రేకుల నుంచి చెమ్మ కారుతోంది, బిడ్డ పాదాలు మళ్ళీ చల్లబడ్డాయి. అప్పుడు గోడ సందులోంచి తీగ దూర్చి పెద్ద బండికి తగిలించాడు. ఆ బ్యాటరీ 18 ఆంపియర్ అవర్లది. బల్బు మూడు ఆంపియర్లు తాగుతుంది. పన్నెండుకు పెడితే ఆరుకు ఖాళీ. మేస్త్రి వేళ్ళ మీద లెక్క వేసుకుని నా వైపు చూశాడు. లెక్క సరిపోయింది.

గుడిసెకు కరెంటు లేదు. బంగళాకు ఉంది, కానీ ఓనరు వెళ్ళేటప్పుడు మెయిన్ ఆపి తాళం వేసుకుని వెళతాడు. బోరు మోటారుకు ఉంది. వ్యవసాయానికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లైను అది. దాన్ని ఇంటికి లాగితే ఫైను వేస్తారని ఓనరు మొదటి రోజే హెచ్చరించాడు, అది న్యాయమే. షెడ్డుకైనా బంగళా నుంచి ఒక లైను లాగించమని కాపలా మామ రెండేళ్ళుగా అడుగుతున్నాడు. ఓనరు ఎప్పుడూ కాదనలేదు. పొంగల్ తర్వాత చూద్దాం అంటాడు. జీతం ఏ నెలా ఆలస్యం చెయ్యలేదు. చెడ్డవాడని నేను అనను. ఆ గుడిసెలోకి తొంగిచూడాల్సిన అవసరం ఆయనకు ఒక్కసారీ రాలేదు, అంతే.

మేస్త్రి వంగి బల్బు తీసేశాడు.

"మామా, ఇది కోడిపిల్ల కాదు. గుడ్డ జారి బల్బుకు తగిలితే అంటుకుంటుంది. వెచ్చన ఎక్కువైనా బిడ్డకు చేటే. ఆసుపత్రిలో నర్సమ్మ ఏం చెప్పింది?"

కూతురే జవాబు చెప్పింది. రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేట్టు బిడ్డను నిలువుగా కట్టుకోమన్నారు. పగలు చేస్తోంది. రాత్రి కళ్ళు మూతపడి బిడ్డ జారిపోతుందేమోనని భయం.

రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు తమ ఒంటి వేడిని తాము సరిగ్గా నిలుపుకోలేకపోవచ్చు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గర్ రే అనే డాక్టరు బిడ్డల్ని తల్లుల గుండెల మీద కట్టించడం మొదలుపెట్టాడు. కంగారూ పద్ధతి అని ఈరోజు ప్రపంచమంతా పాటిస్తున్నది అదే. తల్లి ఒక్కతే చెయ్యాలని లేదు. అమ్మమ్మ చెయ్యొచ్చు, తండ్రి చెయ్యొచ్చు. ఈ చివరి మాట ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా అందలేదు. మేస్త్రి భార్య గ్రామ నర్సును వెంటబెట్టుకుని ఆ సాయంత్రమే వచ్చి, వెడల్పాటి నూలు గుడ్డతో కట్టుకోవడం తల్లికీ అమ్మమ్మకూ నేర్పింది. రాత్రుళ్ళు వంతులు వేసుకున్నారు. ఉన్ని టోపీలు, మేజోళ్ళు మా వీధి నుంచి వెళ్ళాయి. సంక్రాంతి నాటికి బిడ్డ రెండు కిలోలు దాటింది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్ళ మనసు బిడ్డ దగ్గర ఆగిపోకూడదని.

ఆ పొద్దున మేము బంగళా మెట్ల దగ్గరకు వచ్చేసరికి ఓనరు కాఫీ గ్లాసుతో ఎదురొచ్చాడు.

"ఏం తేలింది మేస్త్రీ?"

మేస్త్రి తల దించుకుని చేతులు తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా కుర్రాళ్ళకు ఏం చెబుతూ వచ్చాడో నాకు తెలుసు. నిజం చెబితే ఆ కుటుంబం ఎక్కడికి పోవాలో కూడా తెలుసు.

"చలే సార్" అన్నాడు.

"నేను చెప్పలా!" ఓనరు ముఖం వెలిగింది.

"ఈ షెడ్డులో మంచు నేరుగా దిగుతోంది సార్. బంగళా నుంచి ఒక లైను లాగించి, ఆ గోడ పక్కన ఒక ప్లగ్గు, ఒక బల్బు పెట్టించండి. రాత్రంతా కాస్త వెచ్చగా ఉంటుంది. వైరు, హోల్డరు తెప్పించండి చాలు, కూలి లేకుండా నేనే వచ్చి బిగిస్తా."

గోడ పక్కన అన్నప్పుడు ఆయన చూపించింది గుడిసెను ఆనుకున్న రేకు గోడని. ఓనరు శ్రద్ధగా విన్నాడు. వెచ్చగా ఉంచడమేనా కావలసింది అని ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. తప్పకుండా ఏర్పాటు చేస్తానన్నాడు. రాత్రి బావమరిదితో కూడా మాట్లాడతానన్నాడు. బిల్లు అడిగితే మేస్త్రి రాసిచ్చాడు. కారణం అన్నచోట చలి అని ఉంది.

పొంగల్ ముందు వారం తోటకు పార్సిలు వచ్చింది. కాపలా మామ గొంతు ఫోనులో తడబడింది. "మేస్త్రీ, అయ్య పంపించినాడు. వైరు సామానే అయ్యుంటుంది, శానా బరువుండాది. వచ్చి బిగించు."

మేస్త్రి పనిముట్ల సంచి తీసుకుని వెళ్ళాడు. ఓనరు ఫోనులోనే విప్పమన్నాడు. మామ కత్తితో టేపు కోశాడు. లోపల ఏటీవీకి తొడిగే కవరు ఉంది. నాలుగు మూలలా బిగించే పట్టీలు, లోపలంతా మందపాటి ఉన్ని అస్తరు. మంచు దేశాల్లో వాడే రకమట. అట్టపెట్టె మీద అతికించిన బిల్లులో ధర 7,450 రూపాయలు. మామ నెల జీతం 7,000.